‘నేనే’ అన్నది మా అక్క

మార్కాపురంలో నాది సెల్‌ఫోన్ల దుకాణం. మా నాయన గొర్రెలు కాచాడు, ఆయన నాయనా గొర్రెలే కాచాడు. నాకు ఎండలో తిరగడం చేతగాక టౌనుకు వచ్చి రీచార్జి కార్డులు అమ్మడంతో మొదలుపెట్టాను. తర్వాత కీప్యాడు ఫోన్లు, ఆ తర్వాత టచ్ ఫోన్లు. ఒకప్పుడు కొత్త మోడల్ డబ్బా విప్పుతుంటే చుట్టూ జనం మూగేవాళ్ళు. నాకూ చేతులు తొందరపడేవి. ఇప్పుడు నేను డబ్బా విప్పుతుంటే కొనేవాళ్ళే తమ పాత ఫోన్‌లో ఏదో చూసుకుంటూ నిలబడుతున్నారు.

వాళ్ళను అనడానికి లేదు. ఫోన్ ప్రతి ఏడూ కొత్తదే వస్తుంది గానీ అందులో కొత్తది వెతికి చూపించాల్సిన పని నాది. ముందు డబ్బాలో చార్జరుండేది, చెవులకు పెట్టుకునే వైరుండేది. ఇప్పుడు వైరు గుచ్చే రంధ్రమే పోయింది, చార్జరూ పోయి డబ్బా పలచబడింది. తర్లుపాడు నుంచి వచ్చిన ఒకాయన ఖాళీ డబ్బా తిప్పి తిప్పి చూసి, "ఇంకా నయం, ఫోన్ అన్నా లోపల పెట్టినారు" అన్నాడు. మడత పెట్టే ఫోన్ తెచ్చి చూపిస్తే ఇంకొకాయన, "దుప్పటి మడిచినట్టు మడిచి చంకన పెట్టుకోవాల్నా?" అని అడిగాడు. ప్రపంచంలో ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లకే మెమరీ చిప్పులన్నీ పోతున్నాయట, అందుకని ఇక్కడ మామూలు ఫోన్ ధర కూడా పెరిగింది. ఆ పెద్ద కంప్యూటర్లు ఎందుకయ్యా అంటే ఏఐ కోసం. ఇప్పుడు ప్రతి డబ్బా మీదా ఆ రెండక్షరాలు ఉంటున్నాయి. అదేం చేస్తుందన్నా అని అడిగితే, అన్నీ చేస్తుందన్నా అని చెబుతూ వచ్చాను. ఏం చేస్తుందో నాకూ సరిగా తెలియదు.

ఒక పని మాత్రం చేస్తుందని నాకు నా ఫోన్‌లోనే తెలిసింది. మన బదులు అదే ఫోన్ ఎత్తుతుంది. ఒక ఆడపిల్ల గొంతుతో, పాఠ్యపుస్తకం తెలుగులో, ఎవరు మాట్లాడుతున్నారని అడుగుతుంది, ఎందుకు చేశారని అడుగుతుంది. అవతలి మనిషి చెప్పేది అప్పటికప్పుడు మన తెర మీద అక్షరాల్లో పడుతుంది. చదివి, ఇష్టమైతే మాట్లాడవచ్చు. లేదంటే ఒక బొత్తాం నొక్కితే, పనిలో ఉన్నారని ఆ పిల్లే చెప్పి పెట్టేస్తుంది. దుకాణం పెట్టిన నాటి నుంచి నాకు ఫోన్ మోగడమంటే విసుగు. లోను కావాలా అనేవాళ్ళు, ప్లాటు కావాలా అనేవాళ్ళు, నిన్న కొన్న ఫోన్ ఈ రోజు వేడెక్కుతోందనేవాళ్ళు. ఇది వచ్చినప్పుడు ప్రాణం లేచొచ్చినట్టయింది.

పెట్టుకునేటప్పుడు అది ఒక మాట అడుగుతుంది. ఎవరెవరి ఫోన్లు తను ఎత్తకుండా నేరుగా మీకే మోగాలి, వాళ్ళ పేర్లకు టిక్కు పెట్టుకోండి అని. నా భార్యకు పెట్టాను. ఒంగోలులో చదువుకుంటున్న మా అబ్బాయికి పెట్టాను. ఫోన్లు సప్లయి చేసేవాళ్ళకు పెట్టాను. కిందికి జరుపుతూ పోతుంటే ‘అక్క దొనకొండ’ అని వచ్చింది. దొనకొండ అవతల పల్లెలో ఉండే మా సొంత అక్క. నాయన పోయాక నాకు మిగిలిన తోడబుట్టింది ఆమె ఒక్కతే. అక్కడ వేలు కాసేపు ఆగింది. అక్క ఫోన్ చేస్తే తొందరగా పెట్టదు. వాన పడిందా అంటుంది, మేత లేదంటుంది, ఏ గొర్రె ఈనిందో చెబుతుంది, మోకాళ్ళ సంగతి చెబుతుంది. దుకాణంలో మనుషులు ఉన్నప్పుడు ఇదంతా కష్టమని, నేనే తీరిక చూసుకుని చేద్దాంలే అని, టిక్కు పెట్టకుండా కిందికి జరిపాను. మరిచిపోలేదు. చూసే వదిలేశాను.

మా వైపు మనుషుల ఫోన్ పద్ధతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎవరు అని అడిగితే ఎవరూ పేరు చెప్పరు. "నేనే" అంటారు. గొంతు పట్టి గుర్తుపట్టాలి, గుర్తుపట్టలేదంటే బంధుత్వం పలచబడిందని లెక్క. వచ్చిన పని ముందే చెప్పడం కూడా ఉండదు. తిన్నారా, పిల్లలు బాగున్నారా అన్నీ అయ్యాక, ఇంక పెట్టేస్తా అన్న తర్వాత, అసలు మాట బయటికి వస్తుంది. ఎందుకు చేసినావు అని అయినవాళ్ళను అడిగితే అది గుమ్మంలో నిలబెట్టి ఎందుకొచ్చినావు అని అడిగినట్టే. ఇవన్నీ తెలిసీ ఆ పిల్ల గొంతును మా అక్కకు ఎదురు పంపినవాణ్ణి నేను.

ఒక మధ్యాహ్నం పొదిలిలో ఎరువుల దుకాణం నడిపే ఆయన ఖరీదైన ఫోన్ కోసం వచ్చాడు. ఆయన వెంట ఆయన బావమరిది. కౌంటరు దగ్గర ఇంకో ఇద్దరున్నారు. కెమెరా చూపించాను, మనసు పెట్టి వినలేదు. ఫోన్ అదే ఎత్తి మాట్లాడుతుందని చెప్పాను. "మాటలేలే, చేసి చూపించు" అన్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ తెర వెలిగింది. పైన ‘అక్క దొనకొండ’ అని ఉంది. ఫోన్ కౌంటరు మీద వాళ్ళ వైపు తిప్పి పెట్టాను.

ఎవరు మాట్లాడుతున్నారో దయచేసి చెప్పండి, అని మిషన్ అడిగిన మాట తెర మీద పడింది. కింద అక్క మాట పడింది: నేనే.

మీ పేరు చెప్పండి.

నేనేమ్మా.

బావమరిది పక్కున నవ్వాడు. "ఎవురంటే నేనే అంటది జూడు బావా."

మీరు కాల్ చేయడానికి కారణం ఏమిటి?

దాని కింద కాసేపు ఏ అక్షరమూ పడలేదు. అందరం వంగి చూస్తున్నాం. తర్వాత పడింది: ఊరికేనమ్మా. నువ్వు తిన్నావా?

దుకాణమంతా నవ్వింది. "మిషన్ని తిన్నావా అంటాంది రా సామీ" అన్నాడు ఒకాయన. "ఏం తింటది, కరెంటు తింటది" అన్నాడు ఇంకొకాయన. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఎరువులాయన నా వైపు చూసి, "మీ అక్కనా అన్నా?" అని అడిగాడు.

"మనకు అందరూ అక్కలే గదన్నా" అన్నాను. "ఎవరో కస్టమరు."

అది అబద్ధమని పట్టుకునేవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ ఉండరు. పాలు పోసే ఆమె అక్క, బస్సులో పక్క సీటు ఆమె అక్క. ఆ మాట వెనక మా అక్కను దాచడం నాకు రెప్పపాటు పని అయింది. ఎందుకు దాచానో అప్పుడు ఆలోచించలేదు. నవ్వినవాళ్ళు ఇబ్బంది పడతారని, అమ్మకం చెడుతుందని అనిపించి ఉంటుంది. బొత్తాం నొక్కాను. వారు ప్రస్తుతం పనిలో ఉన్నారు, అని పడింది. సరేమ్మా, అని అక్క మాట పడింది. ఎరువులాయన ఆ ఫోనే తీసుకున్నాడు.

సాయంత్రం చేద్దామనుకున్నాను. సాయంత్రం ఒళ్ళు అలసిపోయి, రేపు చేద్దామనుకున్నాను. రేపు కూడా అట్లాగే పోయింది.

ఆ వారం దాటకముందే మా చిన్నాయన కొడుకు పెట్టిన స్టేటస్‌లో ఫోటోలు చూశాను. మా అక్క కూతురు కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుని ఉంది. తాంబూలాలు మార్చుకుంటున్నారు. అమ్మాయి వైపు మేనమామ నిలబడాల్సిన చోట మా చిన్నాయన కొడుకు నిలబడి ఉన్నాడు.

మాలో ఆడపిల్లను బయటికి ఇచ్చే ముందు మేనమామను అడగాలి. పిల్ల మీద మొదటి హక్కు అతనిది, అతని కొడుకుది. ఈ రోజుల్లో ఎవరూ ఆ హక్కు వాడుకోరు, మా అబ్బాయికి ఆ అమ్మాయిని చేసుకునే ఆలోచన మాకూ లేదు, వాళ్ళకూ లేదు. అయినా అడగాలి. తమ్ముడా, పిల్లను బయట ఇద్దామనుకుంటున్నాం, నువ్వేమంటావు అని. ఇవ్వండక్కా అని అతను నోటితో అంటేనే తాంబూలాలు. పుట్టింటివాళ్ళు ఉన్న ఆడది అని మెట్టినింట్లో తలెత్తుకునేది ఆ ఒక్క మాటతోనే. అక్క ఆ రోజు ఊరికే చేయలేదు. ఆ మాట అడగడానికి చేసింది.

ఫోటోలు చూసి నా భార్య, "మీకు చెప్పలేదా?" అంది. "లేదు" అన్నాను. ఆ ‘లేదు’ కూడా నా అబద్ధాల లెక్కలోదే.

ఆదివారం పూలు, పండ్లు, తమలపాకులు కట్టించుకుని బండి మీద దొనకొండ దారి పట్టాను. నా చోటు నాకు కావాలి. అక్క కూతురి పెళ్ళిలో చేయి పట్టుకుని పందిట్లోకి నడిపించేది మేనమామే. ఆ పిల్ల నడక నేర్చేటప్పుడు కూడా ఎక్కువ నా వేలే పట్టుకుంది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

వాకిట్లో మా బావ మంచం నులక బిగిస్తున్నాడు. లేవలేదు. "రాప్పా, షావుకారీ" అన్నాడు. "లోపలికి పంపేముందు ఎవురు, ఎందుకని మేము గూడ అడగాల్నా?"

"అట్ల అనబాక బావా."

"నేననేదేముంది. కంభం చెరువు కింద భూములుండే వాళ్ళు వచ్చి కూర్చున్నారు. పిల్ల మేనమామ యాడ అన్నారు. మీ అక్క ఏమనిందో తెలుసునా? ఊర్లో లేడు, హైదరాబాదు పోయినాడు అనింది. నేను పక్కనే కూర్చోని విన్నా."

అక్క నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి నిలబడింది. నన్ను చూడటం లేదు, నేను తెచ్చిన పూలను చూస్తోంది.

"పొద్దున ఒకసారి చేసినా, మజ్జానం ఒకసారి చేసినా" అంది. "పొద్దున లైను కలవలా. మజ్జానం ఎవురో ఆడపిల్ల ఎత్తింది. ఎవురు అనింది. నేనే అన్నా. ఎందుకు చేసినారు అనింది. ఎందుకని చెప్పేది నాయనా, ముక్కూ మొగం తెలియని పిల్లకు? నా కూతురికి పెళ్ళి, నా తమ్ముణ్ణి అడగాలని చెప్పేదా?"

"అది పిల్ల గాదక్కా. మిషను. ఫోన్ దానంతటదే ఎత్తుతుంది. కొత్తగా వచ్చింది."

"మిషనా?"

"అవునక్కా. నువ్వు చేసినట్టు నాకు తెలియనే తెలియదు."

ఇదే నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాట. చెప్పాక అక్క మొహం చూశాను. ఎన్ని రోజులుగా మోస్తోందో, ఒక్కసారిగా దించేసినట్టు తేటపడింది. బావ వైపు తిరిగింది. "చెప్పలా నీకు? నా తమ్ముడు అట్లాంటోడు గాదు, ఏదో జరిగుంటది అని చెప్పలా?" బావ నులక పట్టుకునే ఉన్నాడు గానీ, "సర్లే, మిషన్లు వచ్చి మనుషుల మధ్యన కూర్చుంటే ఇట్లనే అయితది" అన్నాడు. అక్క నా చేతిలో సంచీ అందుకుంది. "పెళ్ళిలో పిల్ల చెయ్యి నువ్వే పట్టుకోవాల. చిన్నాయన కొడుక్కి నేను చెప్పుకుంటాలే. వాడేమీ అనుకోడు."

నేను కోరుకున్నది నా చేతికి వచ్చేసింది. అంత తేలికగా వస్తుందనుకోలేదు.

మేనకోడలు లోపలి నుంచి వచ్చి అంతా విన్నట్టుంది. గడప మీద కూర్చుని, "మామా, అది ఎత్తినప్పుడు మాటలన్నీ తెర మీద పడతాయి గదా?" అంది. "మా ఫ్రెండు ఫోన్‌లో చూసినా." నేను చెంబు ఎత్తి నీళ్ళు తాగాను. ఆ పిల్ల నన్నే చూసింది. తర్వాత తనే, "దుకాణంలో జనం ఉంటారు, నువ్వు చూసుకోని ఉండవులే మామా" అని లేచి లోపలికి పోయింది. పెళ్ళికావాల్సిన పిల్ల నాకు తప్పుకునే దారి చూపించి పోయింది.

అక్క అన్నం పెట్టింది. దగ్గర కూర్చుని, ఇంకొంచెం ఇంకొంచెం అని వడ్డిస్తూ, పెళ్ళికొడుకు ఎట్లాంటివాడో చెప్పింది, వాళ్ళమ్మ నెమ్మదిగల మనిషని చెప్పింది. నా కోసం ఆమె వియ్యాలవారి ముందు అబద్ధమాడింది. నేనేమో ఆమెకే అబద్ధం చెప్పి, ఆమె సంతోషాన్ని కూర్చుని తింటున్నాను.

చేయి కడుక్కుని చూస్తే అక్క దొడ్లో ఉంది. సుబాబుల్ కొమ్మలు విరిచి గొర్రె పిల్లలకు వేస్తోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అక్కా, ఆ రోజు నేను చూసినా."

"ఏంది చూసింది?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడు. నా ముందరనే ఉండింది. నువ్వు మాట్లాడేదంతా చదివినా. అంగట్లో మనుషులుండినారు. వాళ్ళు నవ్వినారు. నేను గూడ నవ్వినా. మీ అక్కనా అంటే కాదన్నా. పెట్టేసింది నేనే."

అక్క చేతిలో కొమ్మ అట్లాగే ఉంది. ఒక గొర్రె పిల్ల దాన్ని లాక్కుంటుంటే వదిలేసింది.

"ఎందుకు నవ్వినారు?" అని అడిగింది.

"తిన్నావా అని మిషన్ని అడిగినావని."

"నేనేమన్నా తప్పు మాట్లాడినానా?"

"లేదక్కా."

"మరదలు ఎవుర్నన్నా పనికి పెట్టుకునిందేమో అనుకున్నా. గొంతు చూస్తే చిన్నపిల్ల. మజ్జానమైంది, తినిందో లేదో అనిపించింది." ఇంకో కొమ్మ తీసుకుంది. ఆకులు దులిపి వేసింది. చాలాసేపు ఆ పనే చేసింది. వాకిట్లో బావ నులక లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బావకు గూడ చెప్తా" అన్నాను.

"చెప్పబాక." మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఆయన ముందర ఇంకోసారి నేను తలదించుకోలేను. మిషనే అని ఉండనీ."

నాకు అప్పటిదాకా తట్టలేదు. నిజం చెప్పేసి నేను తేలికపడదామనుకున్నాను. నా బరువు దించి ఆమె నెత్తిన పెట్టాను. ఇక ఇంట్లో ఆ అబద్ధాన్ని కాపాడాల్సింది ఆమె.

"పెళ్ళికి రా" అంది. "మరదల్ని, పిల్లోణ్ణి తీసుకోని రా. చెయ్యి పట్టుకునేది మాత్రం చిన్నాయన కొడుకే. వాణ్ణి అడగంగానే వచ్చినాడు. ఇంక మార్చను."

"నువ్వు చెప్పినట్టే" అన్నాను.

"నీకు నడుము పట్టిందని చెప్తాలే మీ బావకు."

పెళ్ళికి ముందురోజే వెళ్ళాం. పెట్టాల్సినవన్నీ పెట్టాం. మా అబ్బాయి వడ్డన చేశాడు. పిల్లను పందిట్లోకి తెచ్చేటప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచాయి, వాటిలో సగం నేను అమ్మినవే అయి ఉంటాయి. ఆ ఫోన్ల సందుల్లోంచి చూశాను. మా చిన్నాయన కొడుకు పంచె కొత్తది కావడంతో నడక తడబడుతోంది, అయినా పిల్ల చేయి గట్టిగా పట్టుకున్నాడు. నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన, "సొంత మేనమామవు నువ్వు గదా, ఇక్కడ కూర్చున్నావేంది?" అన్నాడు. "నడుము పట్టింది పెదనాయనా" అన్నాను. ఆయన పాపం, ఏ నూనె రాయాలో చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నాను.

నా ఫోన్‌లో ఆ పిల్ల గొంతు తీసేశాను. ఇప్పుడు లోనులవాళ్ళవీ ప్లాట్లవాళ్ళవీ అన్నీ నాకే మోగుతున్నాయి, అన్నీ ఎత్తుతున్నాను. దుకాణంలో మాత్రం దాన్ని చూపించి అమ్ముతూనే ఉన్నాను. కంపెనీలు చూపించమన్నది చూపించకపోతే నాకు బతుకు లేదు. పెట్టి ఇచ్చేటప్పుడు, మీవాళ్ళ పేర్లన్నిటికీ ముందు టిక్కు పెట్టుకోండన్నా అని ఒక మాట చెబుతాను. కొందరు పెట్టుకుంటారు. ఎక్కువమంది తర్వాత చూసుకుంటాలే అంటారు.

అక్క ఇప్పుడు నా భార్య ఫోన్‌కు చేస్తుంది. నేను దుకాణం మూసి ఇంటికి వచ్చే వేళకు తరచుగా ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటారు. నేను భోజనానికి కూర్చుంటాను. వాన మాట, మేత మాట, కంభంలో పిల్ల ఎట్లా ఉందన్న మాట, అన్నీ నా భార్య జవాబుల్లోంచి నాకు సగం సగం తెలుస్తుంటాయి. అప్పుడప్పుడు ఆమె నా వైపు చూసి, "ఇదిగో, మీ తమ్ముడు ఇక్కడే ఉన్నాడు వదినా, ఇవ్వనా?" అంటుంది. నేను చేయి కంచంలోంచి తీసి ఎదురుచూస్తాను. అవతల అక్క ఏమంటుందో నాకు వినపడదు. "సరే వదినా, అట్లనే" అంటుంది నా భార్య. ఫోన్ ఇంకో చెవికి మార్చుకుని, మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడుగుతుంది.